జువ్వలమిల్లిలో మురికి కొరత

జువ్వలమిల్లికి ఒక చెడ్డ అలవాటు ఉండేది. ఉగాది వచ్చేలోగా ఊరు ఊరంతా ఇళ్ళకు సున్నాలు వేసేసుకునేది. ఎవరూ చెప్పనక్కర్లేదు, దండోరా వేయించనక్కర్లేదు, పైనుంచి కాగితం రానక్కర్లేదు. చలి వెనకపట్టు పట్టిందంటే చాలు, ఆడవాళ్ళు కొంగు బిగించి అటకల మీది సామాను దింపేవారు, మగవాళ్ళు దడులు విప్పి కొత్త తాటాకు కట్టేవారు, దొడ్లో ఎండిపోయిన చిక్కుడుపాదులు పీకేసి బీరగింజలు పెట్టేవారు. ఎవరి అనుమతీ లేకుండా ఇంత పని చేసుకోవడం ఎంత ప్రమాదమో పాపం ఆ అమాయకులకు తెలియదు.

ఈ అలవాటు మీదే గంగరత్నం బతుకుతోంది. ఊరి చివర కాలవగట్టు పక్కన ఆమె గుల్లసున్నం బట్టీ. నత్తగుల్లలు, ఆల్చిప్పలు బస్తాల్లో తెప్పించి, ఊకతోనూ బొగ్గుతోనూ వరసలు వరసలుగా పేర్చి కాలుస్తుంది. కాలిన గుల్ల మీద నీళ్ళు చల్లితే కుతకుతలాడి పిండిలా విచ్చుకుంటుంది. ఆ పిండిని గోలేల్లో నానబెట్టి, తుమ్మజిగురు కలిపి, చిటికెడు నీలిమందు వేసి ఇస్తుంది. ఆమె దగ్గర ఇద్దరు కూలీలున్నారు. వేసిపెట్టమన్న వాళ్ళ ఇళ్ళకు ఆ ఇద్దరితో కలిసి తనే కుంచె పట్టుకుని వెళుతుంది. పట్నం రంగుల డబ్బాలు చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోకీ జొరబడ్డాయి గానీ జువ్వలమిల్లిలో వాటి ఆటలు సాగలేదు. ఊళ్ళో చాలామటుకు మట్టిగోడలే. వాటికి సున్నం పట్టినట్టు డబ్బారంగు పట్టదు. సున్నం ఏటా పడుతున్నంతకాలం ఆ గోడల్లోకి చెదా దిగదు, వానజల్లూ దిగదు.

ఏటా గంగరత్నం మొదటి కుంచె వేసేది అచ్చమ్మ గోడకే. దానికో కథ ఉంది. భర్త పోయిన ఏడు గంగరత్నం బట్టీ మళ్ళీ వెలిగిస్తే ఊళ్ళో చాలామంది ముఖం తిప్పుకున్నారు. పండగ ముందు ఆవిడ చేతి సున్నమా అని గుసగుసలు పోయారు. అప్పుడు అచ్చమ్మ ఆమెను ఇంటికి పిలిచి, గోడకు తెలుపొచ్చేది సున్నం వల్ల గానీ బొట్టు వల్ల కాదని వీధంతా వినేలా కేకేసి, ముందు తన గోడకు వేయించుకుంది. మర్నాటి నుంచి బట్టీ దగ్గర బకెట్లు బారులు తీరాయి. రెండు గదుల మట్టి ఇల్లు, వాకిట్లో దొండపందిరి, ఇంతే అచ్చమ్మ ఆస్తి. కానీ ఆ గోడ తెల్లగా ఉన్నంతకాలం తన పొయ్యిలో పిల్లి లేవక తప్పదని గంగరత్నం నమ్మకం.

ఆ ఏడు ఉగాది వెళ్ళిన మర్నాడు ఊళ్ళోకి జీపు వచ్చింది. అందులోంచి దిగినవారు వసంత గృహోద్యాన శోభా పథకం మండల ప్రత్యేకాధికారి శేషాచలపతిగారు. పథకం ఉద్దేశం చాలా గొప్పది. వసంతకాలంలో ఇల్లూ వాకిలీ దొడ్డీ బాగుచేసుకోవాలని పల్లెటూరి జనానికి నేర్పాలి. అందుకు కావలసిన సరుకు ఆ ఊరి చిరువ్యాపారుల దగ్గరే కొనాలి. నేర్పడానికి నిధులు మంజూరయ్యాయి. మార్చి నెలాఖరులోగా నేర్పెయ్యాలి. ఉగాది దానికన్నా ముందే వచ్చేసింది. అది ఉగాది చేసిన పొరపాటు.

శేషాచలపతిగారు ఊరంతా కలయదిరిగారు. తిరుగుతున్నకొద్దీ ఆయన ముఖం వాడిపోయింది. ఎక్కడ చూసినా తెల్లటి గోడలు, వాటికింద ఎర్రమట్టి పట్టీలు, కొత్త దడులు, అలికిన అరుగులు. మందుకు వెతికినా ఒక్క పిచ్చిమొక్క లేదు. చెత్తకుప్ప ఉండవలసిన చోట ఎవరో కనకాంబరాల మడి కట్టారు. ఆయన పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూలబడి, మంచినీళ్ళు తాగి, సర్పంచి ముత్యాల్రావు వైపు బాధగా చూశారు.

"ఈ గ్రామంలో అభివృద్ధికి అవకాశమే లేకుండా చేసేశారు కదండీ."

ముత్యాల్రావు హడలిపోయాడు. పదవిలోకి వచ్చినప్పటి నుంచి ఆయన మీద రకరకాల ఆరోపణలున్నాయి గానీ ఇంత పెద్దది ఎవరూ చేయలేదు. ఇందులో తన చెయ్యి ఏమాత్రం లేదని, జనం ఎవరికి వారే చేసేసుకున్నారని, తనకు తెలిసుంటే ఆపించేవాణ్ణని వినయంగా చెప్పుకున్నాడు.

అధికారిగారు జేబులోంచి సెల్‌ఫోను తీసి కష్టమేమిటో వివరించారు. పథకమంతా యాప్‌లో నడుస్తుంది. ప్రతి ఇంటికీ రెండు ఫోటోలు ఎక్కించాలి. మొదటిది పూర్వస్థితి, రెండోది అనంతరస్థితి. రెండింటికీ తేడా ఎంతో యాప్ తనే కొలుస్తుంది. ముప్పాతిక వంతు తేడా లేకపోతే ఆ ఇంట్లో ప్రగతి జరగనట్టే లెక్క. ఇంత తెల్లగా ఉన్న ఊళ్ళో పూర్వస్థితి ఎక్కణ్ణుంచి తేవాలి?

సున్నం వ్యాపారి కాబట్టి గంగరత్నాన్ని కూడా పిలిపించారు. ఆమె ఒక మూల నిలబడి అంతా విని, సున్నాలకు ముందు దిగిన ఫోటోలు జనం సెల్లుల్లో ఉంటాయేమో చూడమని సలహా ఇచ్చింది. అధికారిగారు జాలిగా నవ్వారు. పాత ఫోటోలు యాప్ తీసుకోదు. గోడ ముందు నిలబడి అప్పటికప్పుడు తీసినదే తీసుకుంటుంది. ఆ తరవాత ఆయన కాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళకే తట్టే మాట ఒకటి అన్నారు.

"పూర్వస్థితి లేదని నిరుత్సాహపడకూడదు. లేనప్పుడు నిర్మించుకుంటాం."

ఆ మాటకు అరుగు మీదున్న వాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పారు. గోడలన్నీ మురికి చేసుకోవాలి. దొడ్లలో పిచ్చిమొక్కలు పెంచుకోవాలి. ఫోటో తీశాక పథకం ఖర్చుతో మళ్ళీ అంతా శుభ్రం చేయిస్తారు. మళ్ళీ ఫోటో తీస్తారు. ప్రజలకు పైసా నష్టం లేదు, పైగా ప్రగతి.

"తెల్లగా ఉన్న గోడని నల్లగా చేసి, మళ్ళీ తెల్లగా చెయ్యడమేటండీ బాబూ?" అంది గంగరత్నం.

"దాన్నేనమ్మా, ప్రక్రియ అంటారు," అన్నారు అధికారిగారు.

ఆయన ఆమెకు ప్రక్రియలోని లాభం కూడా చెప్పారు. పథకం కింద మండలంలో ఊళ్ళ మధ్య పోటీ కూడా ఉంది, అందులో జువ్వలమిల్లి నెగ్గితే గంగరత్నాన్ని వసంత భాగస్వామిగా ప్రకటిస్తారు. మండలంలో ఊళ్ళన్నిటికీ సున్నం ఆమె బట్టీ నుంచే వెళుతుంది. నెగ్గకపోతే పట్నం రంగుల కంపెనీ ఏజెంటు మండలాఫీసు గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. డబ్బాలు కూడా తెచ్చుకున్నాడు. గంగరత్నం ఆలోచించింది. ఆ డబ్బాలు ఒకసారి ఊళ్ళోకి దిగితే తన బట్టీలో పిచ్చుకలు గూళ్ళు పెట్టుకోవడమే. సరేనండి, చేత్తానండి అంది.

జనం మాత్రం ఆమె అంత ఆలోచించలేదు. పుట్టి బుద్ధెరిగాక మురికి చెయ్యమని అడిగినవాడు ఒక్కడూ లేడు మరి. ఊరు ఒక్కసారిగా ఉత్సాహంతో ఊగిపోయింది. కొందరు కుండలతో బురద తెచ్చి కొట్టారు. కొందరు గేదెల్ని తోలుకొచ్చి గోడలకేసి రుద్దించారు. మసిబొగ్గుతో గోడ మీద గీసినందుకు మొన్నటిదాకా వీపులు వాయగొట్టించుకున్న పిల్లల్ని ఇప్పుడు బతిమాలి పిలిచి, జంతికలు పెట్టి మరీ గీయించారు. ఎదురింటివాడి గోడ తమ గోడ కన్నా మురిగ్గా ఉందని రెండు మూడు చోట్ల జుట్లు పట్టుకోవడం కూడా జరిగింది.

ఇంత శ్రమా వృథా అయింది. అధికారిగారి గుమాస్తా ఫోటో తీయగానే యాప్ ఎర్రక్షరాల్లో కృత్రిమ మురికి అని చెప్పి వెనక్కి తిప్పికొట్టింది. అది బురద చల్లిన గోడనీ, ఏళ్ళ తరబడి పట్టించుకోని గోడనీ ఇట్టే పోల్చేస్తుందట. శేషాచలపతిగారు తల పట్టుకున్నారు. మన ప్రజలకు సొంతంగా మురికి చేసుకోవడం కూడా చేతకావడం లేదని, ఈ రంగంలో కూడా శిక్షణ ఇవ్వక తప్పదని విచారించారు.

అప్పుడు గంగరత్నం బట్టీ దగ్గరికి వెళ్ళి ఒక గోలెం ఖాళీ చేసింది. బట్టీ మసి, టీ కాచి పారేసిన పిప్పి, కుంట నాచు కలిపింది. గోడకు అంటుకోవడానికి బెల్లం నీళ్ళు పోసింది. పంచాయతీ ఆఫీసు గోడ మీదే ప్రయోగం చేసింది. చూరు కింద నుంచి వాననీళ్ళు కారినట్టు తడిగుడ్డతో చారలు దింపింది. కిటికీ పైన వంటింటి పొగ చూరినట్టు మసి అద్దింది. అడుగున చెమ్మ ఎక్కినట్టు నాచు రుద్దింది. మురికిని వదిలించడమే బతుకైన మనిషికి దాని పోకడ తెలియకుండా ఎలా ఉంటుంది? అధికారిగారు రెండడుగులు వెనక్కి వేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"అద్భుతం. పదేళ్ళ నిర్లక్ష్యం కళ్ళకు కట్టినట్టుంది," అన్నారు.

యాప్ కూడా ఒప్పుకుంది. ఊళ్ళో గోడలన్నీ పదేళ్ళ నిర్లక్ష్యానికి సిద్ధమయ్యాయి. దొడ్ల సంగతి నర్సరీ సూరన్న చూసుకున్నాడు. రోడ్డు పక్క నర్సరీలో బంతినారూ వంగనారూ అమ్ముకునే సూరన్న, ఇప్పుడు పొలంగట్ల మీద వయ్యారిభామ మొక్కలు వేళ్ళతో సహా తవ్వి తెచ్చి కుండీల్లో పెట్టాడు. అవి ఎవరూ పట్టించుకోనంతకాలం ఏపుగా పెరిగేవి కాస్తా, కుండీలో పెట్టి నీళ్ళు పోసేసరికి వాలిపోయాయి. సూరన్న వాటికి నీడ కట్టి, ఎరువు వేసి, పొద్దున్నే లేచి ఒక్కొక్క మొక్కనీ పలకరించాడు. ఎట్టకేలకు చిగుళ్ళు వేస్తే సంతోషం పట్టలేక ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాడు.

అచ్చమ్మ గోడను గంగరత్నం అన్నిటికన్నా చివరికి ఉంచింది. మసి గోలెం నెత్తిన పెట్టుకుని వెళ్ళేసరికి అచ్చమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. గంగరత్నం గోలెం దించి, ఏం చెప్పాలో తెలియక పథకం గురించి అంతా చెప్పింది. రెండు రోజుల్లో మళ్ళీ తెల్లగా చేసేస్తానంది. అచ్చమ్మ తలెత్తలేదు.

"నీ చేతి సున్నమే కదే. నువ్వే ఏసేవు, నువ్వే పాడుజేసుకో. మజ్జిలో నన్నడగడమెందుకు?"

గంగరత్నం చేసింది. చేస్తున్నంతసేపూ సిగ్గుతో చచ్చిపోయింది. కానీ సిగ్గు చేతికి అడ్డం రాలేదు. ఊరి మొత్తం మీద అంత సహజంగా వచ్చిన మురికి ఇంకోటి లేదని ఆ సాయంత్రం గుమాస్తా మెచ్చుకున్నాడు. అన్నట్టుగానే రెండు రోజుల్లో మళ్ళీ సున్నం వేసింది. ఒకటికి రెండు పూతలు వేసింది. అయినా అచ్చమ్మ ఇంటి వైపు వెళ్ళాలంటే కొన్నాళ్ళ పాటు కాలు సాగలేదు.

జువ్వలమిల్లి నెగ్గింది. పూర్వస్థితికీ అనంతరస్థితికీ అంత తేడా మండలంలో ఇంకే ఊళ్ళోనూ రాలేదు. మిగతా ఊళ్ళు ఉన్న మురికితోనే సరిపెట్టుకుని దెబ్బ తిన్నాయి. పథకం గడువు పొడిగించారు. ఆ వెంటనే గంగరత్నానికి ఊళ్ళన్నిటి నుంచీ కబుర్లు మొదలయ్యాయి. సున్నం కోసం కాదు, మురికి కోసం.

పదిరోజులు తిరగకుండా బట్టీ ముందు మండల అధీకృత మురికి సరఫరా కేంద్రం అని పెద్ద చెక్కబోర్డు వెలిసింది. గుల్లలు కాల్చడం ఆగిపోయింది. ఊక కాల్చి మసి తీయడానికే వేళ చాలడం లేదు. శేషాచలపతిగారు మురికికి నాణ్యతా ప్రమాణాలు నిర్ణయించారు. మొదటి రకం పదేళ్ళ నిర్లక్ష్యం, రెండో రకం అయిదేళ్ళ అశ్రద్ధ. అంతకన్నా తక్కువ అశ్రద్ధ ఉన్నవాళ్ళు పథకానికి అర్హులు కారు. డ్రమ్ములు తనిఖీ చేయడానికి ఒక ఇన్‌స్పెక్టరును కూడా వేశారు. ఆయన వచ్చిన రోజే ఒక డ్రమ్ము అడుగున పాత సున్నం కనబడింది. స్వచ్ఛమైన మురికిలో సున్నం కల్తీ చేసినందుకు సంజాయిషీ ఇమ్మని గంగరత్నానికి మెమో వచ్చింది. గోలెం సరిగ్గా కడగలేదని, ఇకముందు శుభ్రంగా కడిగే మురికి కలుపుతానని ఆమె రాయించి ఇచ్చింది.

నిజం చెప్పాలంటే ఆమెకూ కాస్త తలకెక్కింది. పై ఊళ్ళవాళ్ళు కార్లలో వచ్చి చారలు ఎలా దింపాలో నేర్చుకుని వెళ్ళేవారు. సభల్లో దండలు వేసేవారు. ఒకప్పుడు పండగ ముందు తన చేయి తగలకూడదన్న వాళ్ళే ఇప్పుడు మా గోడకు నీ చేత్తోనే వెయ్యమ్మా అని వచ్చి నిలబడుతుంటే ఎవరికి మాత్రం బాగుండదు? ఏడాది అలా గిర్రున తిరిగిపోయింది.

మళ్ళీ మాఘం వచ్చేసరికి పైనుంచి కొత్త సర్క్యులర్ దిగింది. గతేడాది ప్రజలు ముందే శుభ్రం చేసుకోవడం వల్ల మురికి చేయడానికి అదనంగా ఖర్చయిందని అందులో విచారం వెలిబుచ్చారు. కనుక ఈ ఏడు అందరూ ఫాల్గుణంలోనే మొదటి రకం మురికి పూసుకుని ఉండాలి. పూర్వస్థితి ఫోటో యాప్‌లో ఎక్కేదాకా ఎవరూ గోడకు కుంచె తాకించరాదు. తాకిస్తే ముందస్తు శుభ్రత కింద నోటీసు ఇస్తారు. ఆ ఇల్లే కాదు, ఊరే పోటీలోంచి పోతుంది.

జువ్వలమిల్లి చరిత్రలో మొదటిసారి ఉగాది నల్లటి గోడల మధ్య జరిగింది. జనం పచ్చడి తిని, పంచాంగం విని, ఈ ఏడు గ్రహాలన్నీ బాగున్నాయని తెలుసుకుని, మసి అంటకుండా ఒద్దికగా ఇళ్ళలోకి నడిచారు. ఫోటోలవాళ్ళు రేపో మాపో వస్తారన్నారు. ఈలోగా యాప్ మూతపడింది. దాన్ని ఉన్నతీకరిస్తున్నారట. చైత్రం వెళ్ళింది, వైశాఖం వెళ్ళింది. సూరన్న పిచ్చిమొక్కలు పూతకొచ్చి, గింజలు రాల్చి, ఎవరి సాయమూ లేకుండా బీరపాదుల్ని మింగేశాయి. యాప్ ఉన్నతి మాత్రం పూర్తి కాలేదు.

జ్యేష్ఠం నడుస్తుండగా అచ్చమ్మ బట్టీ దగ్గరికి నడిచి వచ్చింది. బోర్డు కింద కాసేపు నిలబడి ఆయాసం తీర్చుకుంది. గోడలో బెల్లానికి చీమలు పట్టాయనీ, చీమల వెనకే చెద పట్టిందనీ, అడుగున మట్టి రాలుతోందనీ చెప్పింది.

"వానలొచ్చేత్తన్నాయే రత్నం. ఒక్క పూత సున్నం కొట్టవే, నిలబడతాది."

గంగరత్నం ఇంట్లో ఒక గోలెం సున్నం నానుతూనే ఉంది. ఎందుకు నానబెట్టిందో తనకే తెలియదు. చెయ్యి అలవాటు. అది తీసుకుని అచ్చమ్మ వెనకాలే నడిస్తే అయిపోయేది. కానీ ఊరు పోటీలోంచి పోతే జనం ఊరుకుంటారా, డబ్బాల ఏజెంటు ఊరుకుంటాడా, ఈ బోర్డు ఏమవుతుంది అని ఆలోచించింది. ఆలోచించి, తనకే వింతగా వినబడ్డ గొంతుతో, "పై నుంచి అనుమతి రానీ అత్తా. నేనెళ్ళి దరఖాస్తు పెడతాను కదా," అంది. అచ్చమ్మ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

గంగరత్నం అదేరోజు మండలాఫీసుకు వెళ్ళింది. శేషాచలపతిగారు కుర్చీ వేయించారు, కాఫీ ఇప్పించారు. ఒక్క ఇంటికి మినహాయింపు ఇవ్వడానికి నిబంధనల్లో వీలుందని సంతోషంగా చెప్పారు. ఆ గోడ పూర్వస్థితి ఫోటో ఎక్కి ఉంటే చాలట. అది ఎక్కాలంటే యాప్ తెరుచుకోవాలి కదండీ అంది గంగరత్నం. తెరుచుకుంటే ఇక మినహాయింపు అవసరమే ఉండదని ఆయన అభినందనగా తల ఊపారు. చెదకు కూడా ఈ విషయం కాస్త తెలియజెప్పండి సార్ అని ఆమెకు నోటి చివరిదాకా వచ్చింది. అనలేదు. కాఫీ తాగి వచ్చేసింది.

వాన సర్క్యులర్ కోసం ఆగలేదు. ఒకనాటి మధ్యాహ్నం పడమట మబ్బు కమ్మి, జనం వడియాలు ఎత్తుకునేలోగా కుండపోతగా కురిసింది. ఆ హోరులోనే ఏదో బరువుగా కూలిన చప్పుడు వినబడింది. గంగరత్నం తడుస్తూ పరిగెత్తింది. అచ్చమ్మ వీధిగోడ, గోడంతా ముందుగదిలోకి పడిపోయి ఉంది. నల్లటి పైపూత చెక్కలు చెక్కలుగా విడిపోయి, ఒక్కొక్క చెక్క లోపలి వైపు ఏళ్ళ తరబడి వేసిన సున్నం పొరలు పొరలుగా తెల్లగా కనబడుతోంది. ఏ ఏటిది ఏ పొరో గంగరత్నం చేతికి తెలుసు. అచ్చమ్మ దొండపందిరి కింద నిలబడి ఉంది. ఆ పొద్దు అన్నం తిన్నాక కాయలు కోసుకుందామని బయటికి రాబట్టి బతికింది. గంగరత్నం వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. అచ్చమ్మ విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు.

"ఫోటో తీసుకున్నారా మరి?" అని అడిగింది.

గంగరత్నానికి ఏడుపు ముంచుకొచ్చింది. వానలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమెను ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చదగ్గ మనిషి గోడ లేని ఇంట్లోకి వెళ్ళి, తడవకుండా మిగిలిన సామాను ఏదో వెతుక్కుంటోంది.

ఆ వారంలోనే యాప్ తెరుచుకుంది. శేషాచలపతిగారు గుమాస్తాతో సహా వచ్చి ముందు అచ్చమ్మ ఇంటి దగ్గరే ఆగారు. ముత్యాల్రావు గొడుగు పట్టాడు. గుమాస్తా, గోడ ఉండవలసిన చోటికి ఫోను గురిపెట్టి ఫోటో తీశాడు. ఫోను టింగుమంది. అధికారిగారు అందులోకి చూసి, నమ్మలేక మళ్ళీ చూశారు. పూర్తి తేడా వచ్చింది. పూర్వస్థితిలో పదేళ్ళ నిర్లక్ష్యంతో నల్లటి గోడ. అనంతరస్థితిలో ఆకాశం, పందిరి, పందిరికి దొండకాయలు. మురికి ఆనవాలు కూడా లేదు. ఆయన ముత్యాల్రావు వైపు తిరిగారు.

"మురికిని ఇంత సమూలంగా నిర్మూలించిన గృహం మా దృష్టికి ఇదే ప్రథమం."

గంగరత్నం ముందుకు వచ్చింది. పూర్వస్థితి ఫోటో ఎప్పుడు ఎక్కిందని అడిగింది. అధికారిగారు హుషారుగా చెప్పారు. ఫాల్గుణంలో మురికి నాణ్యత తనిఖీ చేసినప్పుడు, ఊరి మొత్తం మీద మేలైన మురికి కనుక ఈ గోడనే నమూనాగా గుమాస్తా ఎక్కించేశాడట. యాప్ మూతపడకముందే ఎక్కిందట. ఎవరూ చూసుకోలేదట. ఎంత అదృష్టమో చూడండి అన్నారు.

అంటే సున్నం ఉగాదికే వేసుకోవచ్చు. మినహాయింపు అక్కర్లేదు. దరఖాస్తు అక్కర్లేదు. ఆమె కాఫీ తాగిన రోజున కూడా ఆ ఫోటో ఆయన జేబులోనే ఉంది.

అధికారిగారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. గంగరత్నానికి ఉత్తమ వసంత భాగస్వామి పురస్కారం, అచ్చమ్మకు ఆదర్శ గృహ ధ్రువపత్రం ఇస్తారట. ధ్రువపత్రాన్ని అద్దం కట్టించి, అతిథులకు కనబడేలా వీధిగోడకు తగిలించుకోవాలట.

"ఏ గోడకండీ?" అంది అచ్చమ్మ, ఇంటి లోపలి నుంచి వీధిలోకి తిన్నగా చూస్తూ.

"అది లబ్ధిదారు చూసుకోవాలమ్మా. పత్రం వరకే మా పరిధి."

గంగరత్నం అక్కడ ఇంకొక్క క్షణం ఉండలేదు. బట్టీ దగ్గరికి వెళ్ళి బోర్డు పీకింది. మంచి చెక్క, పథకం డబ్బుతో చేయించినది. గొడ్డలి తీసుకుని ముక్కలు చేసి, తడి తగలకుండా దాచిన గుల్లలు పేర్చి, కింద ఆ ముక్కలు పెట్టి అంటించింది. మండల అధీకృత అన్నంతవరకూ చటచటా కాలింది. మిగిలింది కొంచెం పొగ పెట్టింది. మసి గోలెం కాలవలో బోర్లించి, గుల్ల కాలేలోగా దాన్ని మూడుసార్లు తోమింది.

ఊళ్ళోవాళ్ళు మొదట దూరం నుంచి చూశారు. పోటీ అయిపోయింది, బహుమతి వచ్చేసింది, ఇక మురికిగా ఉండవలసిన పని లేదని వాళ్ళకు మెల్లగా తోచింది. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా వచ్చి మట్టి తొక్కారు. గోడ లేపారు. సూరన్న తన మొక్కలన్నీ పీకి కుప్ప వేశాడు గానీ, గింజలు అప్పటికే ఊరంతా మొలిచాయి. వాటిని ఇంకా పీకుతూనే ఉన్నాడు. మట్టి ఆరిందనిపించిన రోజు పొద్దున్నే గంగరత్నం గోలెంతో వెళ్ళింది. అచ్చమ్మను ఏమీ అడగలేదు. క్షమించమని కూడా అడగలేదు, అడిగే ముఖం లేదు. కుంచె ముంచి మొదటి పూత వేసింది.

మధ్యాహ్నానికి మండలాఫీసు బంట్రోతు సైకిలు మీద నోటీసు తెచ్చాడు. సదరు గృహం అనంతరస్థితిలో గోడ లేకుండా నమోదై ఉన్నందున, అనుమతి లేకుండా గోడ నిర్మించి తెలుపు చేయడం వల్ల రికార్డులకు భంగం వాటిల్లిందని అందులో ఉంది. తక్షణం నిలిపివేయాలని కూడా ఉంది. అతను నోటీసుకు జిగురు రాసి, కొత్తగోడ మధ్యన అతికించాడు. అతికించినట్టు ఫోటో తీసి పంపితే గానీ అతని పని అయినట్టు కాదు. సిగ్నలు లేనిదే యాప్ తెరుచుకోదు, అందుకని ముందు ఫోను పైకెత్తుకుని వీధి చివరిదాకా నడిచాడు.

గంగరత్నం రెండో పూత మొదలుపెట్టింది. ఎడమ నుంచి కుడికి కుంచె సాగుతూ వచ్చి, నోటీసు దగ్గర ఆగకుండా, పక్కకు తప్పుకోకుండా, దాని మీదుగానే వెళ్ళిపోయింది. తేదీ పోయింది, సంతకం పోయింది, ముద్ర కాస్త నీలంగా కనబడితే మళ్ళీ ఒకసారి తిప్పింది.

బంట్రోతు తిరిగొచ్చి ఫోటో తీశాడు. తెల్లటి గోడ పడింది. ఫోను ఎర్రక్షరాల్లో ఏదో అంది. అతను దాన్ని చదివి, గోడను చూసి, గంగరత్నం చేతిలో కుంచెను చూసి, పూర్వస్థితి దొరకడం లేదంటోందమ్మా అని దిగులుగా చెప్పాడు.

అచ్చమ్మ అరుగు మీద నుంచి లేచింది. చాలా రోజుల తరవాత గంగరత్నం వైపు తిన్నగా చూసింది.

"ఆ కింద మూల తెలుపు తక్కువైందే రత్నం," అంది.

గంగరత్నం కళ్ళు తుడుచుకుని, వంగి, ఆ మూలకు ఇంకో పూత వేసింది.